గ్రహణం నాటి వంకాయలు

వాకాడు బస్సులో మా మూడేళ్ల పాప పెట్టుకున్న నల్లద్దాలు చూసి, పక్కనున్నామె "ఏందమ్మా, కళ్లకలకా?" అని అడిగింది.

"కాదక్కా. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం పుట్టుకతోనే లేదు. ఆరో నెలలో గ్రహణం పట్టినప్పుడు వంకాయలు కోసినాను" అన్నాను. అది మా అత్త నాకు నేర్పిన జవాబు.

ఆమె చేపగుడ్లు పొదిగించే హేచరీలో పనిచేస్తుందట. "పండుగప్ప గుడ్లు గాజు మాదిరి ఉంటాయి. లోపల కన్ను తయారయ్యేది నేనే మైక్రోస్కోపులో చూస్తా ఉంటా" అంది ధీమాగా. "ఒక్కో పిల్లకి కన్ను సరిగ్గా రాదు. మరి దాని తల్లి ఏ గ్రహణంలో ఏం కోసింది? కన్ను కట్టించే జన్యువు చేపకీ మనకీ దాదాపు ఒకటేనమ్మా. అందులో తప్పు కడుపులో నలుసు పడ్డప్పుడే ఉంటది. నీ ఆరో నెల దాకా ఆగదు."

కోట ఊరొస్తే దిగుతూ ఆమె మా పాప అద్దాలు ముక్కు మీద సరిచేసి పోయింది. పేరైనా అడగలేదు నేను.

మొన్న మళ్లీ గ్రహణం వచ్చింది. వీధిలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. నేను వసారాలో కత్తిపీట వేసుకుని కూర్చుంటే, పాప ఒక్కో వంకాయా అందించింది.

"ఏందే ఆ పని?" అని అరిచింది అత్త.

"కూరకి, అత్తమ్మా" అన్నాను, తలెత్తి.