బిర్యానీ కోసం బొట్టు తుడవమన్నారు

అప్పటికి తెలంగాణ రాలేదు. అరవై దాటాక రాత్రి బడిలో నేను అక్షరాలు నేర్చుకున్న కొత్త. పెద్దవాళ్లకు ఉచితంగా వైద్య పరీక్షలు చేసి బిర్యానీ పెడతామని నాచారంలోని ఒక సేవాసంఘం వాళ్లు మా ఉప్పల్ బస్తీ ముసలివాళ్లను ఆటోల్లో తీసుకుపోయారు.

అక్కడ డాక్టరు లేడు. కొత్త దుప్పట్లు పరిచిన మంచాలున్నాయి. ఆడవాళ్లను ఒక వరుసలో, మగవాళ్లను ఎదురు వరుసలో కూర్చోబెట్టారు. గోడ మీది బోర్డు కూడబలుక్కుని చదివాను. ‘దిక్కులేని వృద్ధుల ఆశ్రమం’ అని ఉంది.

సంఘం అధ్యక్షుడు నా చెవిలో, “అమ్మా, సర్కారు గ్రాంటు ఇచ్చే ముందు ఆఫీసరు తనిఖీకి వస్తున్నారు. ఆ బొట్టు కాస్త తుడిచేసుకుని, ఎవరూ లేరని చెప్పండి చాలు” అన్నాడు.

ఎదురు మంచం మీదున్న మా ఆయన కసిరాడు. “జర తుడువరాదె, గంటసేపే గదా! బిర్యానీ సల్లారిపోతది.”

అంతలో ఆఫీసరు వచ్చి నన్నే అడిగాడు. “మీకెవరూ లేరా అమ్మా?”

అధ్యక్షుడు ఆఫీసరు వెనక నుంచి నాకు దండం పెడుతున్నాడు.

“ఎందుకు లేరు సారూ? గా ఎదురుంగ కూసున్నోడే నా పెనిమిటి. మేమంత ఉప్పల్‌ల ఇండ్లున్నోళ్లమే. బిర్యానీ పెడ్తమంటె వచ్చినం.”

ఆఫీసరు వచ్చిన దారినే వెళ్లిపోయాడు. గ్రాంటు పోయింది, బిర్యానీ పోయింది, మమ్మల్ని తెచ్చిన ఆటోలూ పోయాయి. బతికుండగానే తనను చంపేయబోయారని మా ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. ఉప్పల్ దాకా బిర్యానీ గురించే గొణుగుతూ నడిచాడు.

ఇప్పుడు అనాథల పేరుతో ఎవరు చందాకొచ్చినా నేను రసీదు అడగను. ఆ అనాథల ఇల్లెక్కడని అడుగుతాను.