పాలమూరు బోర్డింగులో సరిత చెప్పిన అడ్రసు

మా సరిత పాలమూరు దగ్గర ఒక పల్లెలో, బాప్టిస్టు మిషన్ బోర్డింగులో చదివేది. వేసవి సెలవులకు ముంబై వచ్చి, డెంగీ జ్వరంతో ఇక్కడే పోయింది. దిగబెట్టేది, తీసుకొచ్చేది మా తమ్ముడే. నాకు ఇళ్లల్లో పని, సెలవు దొరకదు, ఆ బడి గడప ఎన్నడూ తొక్కలేదు. మేముండేది ముంబై కామాటిపురలో, ఒంటి గదుల చాల్‌లో. ఒళ్లమ్ముకునే వాడ అని ఆ పేరు వింటేనే ముఖం చిట్లించేవాళ్లే ఎక్కువ. అందుకే "ఎవరడిగినా దాదర్ అని చెప్పు" అని నేర్పి పంపాను. బిడ్డ పోయాక ఒక్కటే నన్ను తినేసింది. మా ఇంటిని తలచుకుని అది సిగ్గుపడుతూ బతికిందా? తెలుసుకోవాలనే బయలుదేరాను.

శనివారం రాత్రి ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో రైలెక్కితే ఆదివారం మధ్యాహ్నానికి హైదరాబాద్. స్లీపర్ టికెట్ ఐదువందల లోపే. అక్కడి నుంచి మహబూబ్‌నగర్‌కు, అంటే మా పాలమూరుకు, బస్సులో రెండున్నర గంటలు. ఆడవాళ్లకు ఉచితమని ధీమాగా కార్డు చూపించాను. కండక్టరమ్మ నవ్వింది.

"మాట పాలమూరుది, ఆధార్ బొంబాయిదా? టికెట్ కొనాలె అమ్మా."

"మా తాత ఊరు ఇదే బిడ్డా."

"అయితే తాత కార్డు తేవాలె!"

బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. చాలా రోజులకు. బస్టాండు నుంచి బడి ఉన్న పల్లెకు షేర్ ఆటోలో ముప్పై రూపాయలు.

బడి గేటు దగ్గర సరిత తల్లినని చెప్పగానే వార్డెన్ రూతమ్మ నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. రాతి గోడల బడి తిప్పి చూపించింది. కరువులో కూలీలు మూటలు కట్టుకుని వలస పోతుంటే, పిల్లలైనా ఒకచోట తిని చదువుకోవాలని మిషన్‌వాళ్లు ఈ బడి పెట్టారట. ఫీజు కట్టలేని తల్లిదండ్రులు వలస పోయేముందు ఈ రాళ్లు మోసి గోడలు లేపారట. అప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది. సాయంత్రం గంట కొట్టాక ప్రతి పిల్లా లేచి, అమ్మానాన్నలు పనికి పోయిన ఊరి పేరు గట్టిగా చెప్పాలి. అందరూ ఆ ఊళ్ల కోసం ప్రార్థన చేస్తారు.

"మా సరిత ఏం చెప్తుండె అక్కా?" అన్నాను.

"మొదట్ల దాదర్ అంటుండె. వారం కాకముందే లేచి, 'అమ్మ దాదర్‌ల లేదు, కామాటిపుర పదకొండో గల్లీల ఉంటది. దేవునికి అడ్రసు తప్పు చెప్తే అమ్మ దాకా ఎట్ల పోతడు?' అన్నది. పిల్లలంత నవ్విన్రు. అయినా రోజూ అట్లనే చెప్పింది."

అంతలో గంట కొట్టారు. వరండాలో పిల్లలు ఒక్కొక్కరే లేచారు. పూనా. సూరత్. భివండీ. రెండు జడల పిల్ల లేచి సోలాపూర్ అంది. కూర్చోలేదు. "కామాటిపుర, పదకొండో గల్లీ" అని కూడా అంది.

ప్రార్థన అయ్యాక ఆ పిల్లను అడిగాను, "మీవాళ్లు అక్కడ గూడ ఉన్నరా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. అది సరితది. నువ్వు ఇంకా ఆడనే ఉన్నవు గద?"

మాది ఎల్లమ్మకు మొక్కే ఇల్లు. ఆ ప్రార్థన మాటలు నాకు రావు. కానీ మా గల్లీని దాచింది నేనే, నా బిడ్డ దాచలేదు. ఒక్క ఆదివారం ఆ వరండా చివర కూర్చుని ఉంటే, దాని గొంతులోనే వినేదాన్ని.

మీ పిల్లలు అలాంటి చోట చదువుతుంటే ఆదివారం వెళ్లండి, కలవనిచ్చేది ఆ రోజే. ఆఖరి బస్సు సాయంత్రం ప్రార్థన గంట కొట్టకముందే వెళ్లిపోతుంది. దాన్ని పోనివ్వండి. అడిగితే వార్డెన్ పడుకోవడానికి చాప ఇస్తుంది.