రాజమణి మేడం ఐతారం ఆట

ఈ మధ్య ఒక ఆదివారం, నేను పనిచేసే జగిత్యాల గ్రంథాలయంలో సామాన్ల గది సర్దుతుంటే ఒక పాత డబ్బా మానిటర్ బయటపడింది. పనిచేస్తుందో లేదో చూద్దామని తీగ తగిలించి స్విచ్ వేశాను. తెర వెలగకముందే వాసన వచ్చింది. ఏళ్ల తరబడి లోపల పేరుకున్న దుమ్ము మెల్లగా వేడెక్కే వాసన, కొంచెం కమురుగా, కొంచెం తియ్యగా. దాన్ని పీల్చి చాలా కాలమైంది. తెర మీద ఏమీ రాలేదు గానీ నేను మాత్రం స్టూలు లాక్కుని దాని ముందు అలాగే కూర్చుండిపోయాను. కోరుట్లలో స్టీలు సామాన్ల దుకాణం పైన ఉండే మూడు కిటికీల గది, ఆ గదిలో ముక్కు చివరికి జారిన కళ్లద్దాల మీదుగా చూసే రాజమణి మేడం కళ్ల ముందు మెదిలారు.

ఆమె టైపు నేర్పేవారు. పుట్టిల్లు సిరిసిల్లలో మగ్గాల ఇల్లు. పెళ్లి చేసుకుని కోరుట్ల వచ్చారు. ఆ టైపు ఇన్‌స్టిట్యూట్ నిజానికి ఆమె భర్తది. ఆయన ఉన్నట్టుండి గుండె ఆగి పోయాక ఇక దాన్ని మూసేస్తారని అందరూ అనుకున్నారట. ఆమె మూయలేదు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నూలు చీరలోనే కనిపించేవారు. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. నేను చేరేసరికి ఊళ్లో రంగుల తెరల కంప్యూటర్లతో కొత్త సెంటర్లు వచ్చాయి, టైపు మిషన్లకు గుడ్డలు కప్పే కాలం నడుస్తోంది. హైదరాబాదులో ఏదో ఆఫీసువాళ్లు తీసేసిన మూడు పాత కంప్యూటర్లను మేడం తెప్పించారు. వాటికి మౌస్ లేదు, బొమ్మలు లేవు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు, అంతే. నాలాంటి కొందరు తప్ప ఆ మెట్లు ఎక్కేవాళ్లు లేకుండా పోయారు.

నేను అప్పటికి ఇంటర్ ఇంగ్లీషు రెండుసార్లు తప్పి ఉన్నాను. మూడోసారి రాయనని ఇంట్లో చెప్పేశాను. అమ్మ బీడీలు చుడుతూ తలెత్తకుండానే, "రాయకపోతే ఏం జేస్తవు మరి?" అంది. టైపు నేర్చుకుంటానని చెప్పి మేడం దగ్గర చేరాను. అచ్చులో ఉన్నది చూసి కొట్టడానికి అర్థం తెలియనక్కర లేదు కదా అని నా ధైర్యం. ఒక శనివారం మేడం నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"ఐతారం పగటీలి ఖాళీగ ఉంటవా బిడ్డా?"

"ఉంట మేడం. క్లాసు ఉన్నదా?"

"క్లాసు కాదు. ఆట. గీ కంప్యూటర్లతోని ఒక ఫ్లాపీ అచ్చింది, దాంట్ల ఉన్నది. ఒక్కరు ఆడేది కాదు, నలుగురం కావాలె."

మర్నాడు వెళ్తే నిజంగానే నలుగురం. మేడం, నేను, కింద స్టీలు దుకాణంలో సామాన్లు అమ్మే స్వరూపక్క, మల్లాపూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చే గంగారామన్న. గంగారామన్నకు నలభై ఏళ్లుంటాయి. మేస్త్రీ పని అని చెప్పి గల్ఫ్‌కు తీసుకుపోయి, ఎడారిలో రెండేళ్లు గొర్లు కాయించి పంపారు. తను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ఆయనకు తెలియదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. కంప్యూటర్ వస్తే ఎండలో కాకుండా నీడపట్టున పని దొరుకుతుందని ఎవరో చెప్పారట.

ఆ ఆటలో బొమ్మ ఒక్కటీ లేదు. నువ్వెక్కడ ఉన్నావో, చుట్టూ ఏముందో తెర మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఏం చేయాలో మనం ఒకటి రెండు మాటల్లో కొట్టాలి. తలుపు తెరువు, ఉత్తరానికి నడువు, తాడు తీసుకో, ఇలా. మిషనుకు అర్థమైతే ఆ పని జరిగి కథ ముందుకు పోతుంది. లేకపోతే, నాకు అర్థం కాలేదు అని ఒక వాక్యం వస్తుంది. మేడం పనులు పంచారు. స్వరూపక్క పాత క్యాలెండర్ కాగితం వెనక దారుల పటం గీయాలి. గంగారామన్న మీటలు కొట్టాలి. డిక్షనరీ మేడం ఒళ్లో ఉంటుంది. తెర మీది ఇంగ్లీషును పైకి చదవాల్సింది నేను. "నేను పటం గీస్త మేడం" అన్నాను. "పటం అక్క గీస్తది. నువ్వు సదువు" అన్నారు, అంతే.

మొదటి గదిలోనే ఇరుక్కున్నాం. ఒక మంచం, తాళం వేసిన తలుపు, మూలన గింజల జాడీ. తలుపు తొయ్యమన్నాం, తన్నమన్నాం, విరగ్గొట్టమన్నాం. ప్రతిసారీ అర్థం కాలేదనే వచ్చేది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నా గొంతు తగ్గిపోతూ వచ్చింది. మేడం గమనించారు.

"అది నిన్ను తిడుతలేదు బిడ్డా. దానికి సమఝ్ కాలేదని చెప్తుంది. ఇంకో మాటతోని అడుగుదాం."

అప్పుడు స్వరూపక్క పెన్సిల్ నోట్లోంచి తీసి, "మా అత్త బీరువ చెవి బియ్యంల దాస్తది. గా జాడీల చెయ్యి పెట్టుమను" అంది. గంగారామన్న ఒక్క వేలితో వెతికి వెతికి అక్షరాలు కొట్టాడు. తాళంచెవి దొరికింది. మేం వేసిన కేకకు కింద దుకాణం సేటు మెట్ల దగ్గరికొచ్చి, ఏమైందని అడిగాడు. మేడం మాత్రం కేక వేయలేదు. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

తలుపు బయట ఒక పెద్ద కోట. చుట్టూ కందకం. "మన జగిత్యాల ఖిల్లా తీరుగనే ఉన్నది" అనుకుంటూ వారం వారం ఆ కోటలో తిరిగాం. ఒకసారి గోడ మీది రాతలో ఒక చిన్న మాట పట్టించుకోక అందరం బావిలో పడి చచ్చి, మళ్లీ మొదటి నుంచి వచ్చాం. ఆ రోజు నుంచి గంగారామన్న తెర మీద వేలు పెట్టి, నేను చదివే ప్రతి మాట వెంటా వేలు జరిపేవాడు. నాకు విసుగొచ్చేది. ఆయన నవ్వేవాడు. "మల్ల బాయిల పడుడు నాతోని కాదు చెల్లె."

వానాకాలం ఒక ఆదివారం ఆయన ఆట మొదలుపెట్టనివ్వలేదు. చొక్కా జేబులోంచి మడతల కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు.

"డ్రైవర్ వీసా అచ్చిందన్నడు ఏజెంటు. రేపు సంతకం పెట్టి ఇయ్యాలె. మేడం, గీ కాయితం గూడ మనం ఆట తీరుగనే సదువుదాం."

నేను చదవడం మొదలుపెట్టాను. స్వరూపక్క ఒక్కొక్క షరతు తెలుగులో రాసుకుంటోంది. మేడం పేజీలు తిప్పుతున్నారు. జీతం, సెలవులు, భోజనం. తర్వాత పని గురించిన వరుస వచ్చింది. అందులో ఒక పొడుగాటి మాట నాకు నోరు తిరగలేదు. నలుగురి ముందు తడబడటం సిగ్గనిపించింది. అంతకు ముందు పేజీలన్నీ బాగా చదివాను కదా, ఒక్క మాటకు ఏమవుతుందిలే అనుకుని దాన్ని దాటేసి ముందుకు పోయాను. గంగారామన్న వేలు మాత్రం ముందుకు రాలేదు.

"చెల్లె, ఒక్క మాట ఇడిసిపెట్టినవు."

"అదేం పెద్దది కాదన్నా."

"పెద్దదే ఉన్నది గదా. చూడు, ఎన్ని అక్షరాలున్నయో."

కూడబలుక్కుంటూ పలికాను. లైవ్‌స్టాక్. "స్టాక్ అంటే సామాను. గోదాంల పనేమో" అంది స్వరూపక్క. మేడం డిక్షనరీలో వేలు ఆనించి ఆగిపోయారు. కాసేపటికి నెమ్మదిగా చదివారు. పశువులు, గొర్రెలు, మేకలు.

కింద దుకాణంలో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. గంగారామన్న కాగితాలు పాత మడతల మీదే మళ్లీ మడిచాడు.

"మల్ల గొర్లేనా" అన్నాడు. ఎవరినీ అడిగినట్టు లేదు.

నేను లేచి బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నా సిగ్గు కోసం ఒక మనిషిని మళ్లీ ఎడారికి పంపబోయాను. మేడం వచ్చి పక్కన కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"రాని మాట దగ్గర్నే ఆగాలె బిడ్డా" అన్నారు. "అచ్చిన మాటలు ఎటూ పోవు. రానిది ఉన్న కాడనే ఏదో ఒకటి ఉంటది. నాకు రాదు అను. నలుగురం ఉన్నం, చూస్తం." తర్వాత నా మోకాలి మీద తట్టి, "లే. ఇంకా రెండు కాయితాలున్నయి. నువ్వే సదవాలె" అన్నారు. నేనే చదివాను. అడుగడుగునా ఆగుతూ, చీకటి పడేదాకా చదివాను.

మర్నాడు మేడం గంగారామన్నతో కలిసి ఏజెంటు దగ్గరికి వెళ్లారు. ఆ మాట కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉన్న కాగితం చేతిలో ఉంది. అక్కడ జరిగింది గంగారామన్న తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో. "గది పేరుకే రాస్తరు మేడం, పోయినంక డ్రైవింగే" అన్నాడట ఏజెంటు. "పేరుకే అయితే డ్రైవర్ అని రాసి తెండ్రి. మేం మల్ల సదువుతం" అన్నారట ఈమె. ఆయన మార్చి తేలేదు. పాస్‌పోర్టు వెనక్కి ఇవ్వడానికి వారం తిప్పాడు. ఆ వారమంతా మేడం పొద్దున బ్యాచ్ కాగానే కుర్చీలోంచి లేచి, గొడుగు తీసుకుని, గంగారామన్న వెంట వెళ్లి అక్కడ కూర్చునేవారు. వాదించేవారు కాదు, కూర్చునేవారు. ఎనిమిదో రోజు పాస్‌పోర్టు చేతికొచ్చింది. గంగారామన్న రెండేళ్లు మల్లాపూర్ రోడ్డు మీద ఆటో నడిపి, తర్వాత నిజంగా డ్రైవర్ అని రాసి ఉన్న కాగితం మీద వెళ్లాడు. ఆ కాగితాన్ని మేం మూడుసార్లు చదివాం.

నేను మూడోసారి ఇంగ్లీషు రాశాను, గట్టెక్కాను. తర్వాత డిగ్రీ, ఆ తర్వాత ఈ ఉద్యోగం. ఈలోపు మేడం కంప్యూటర్లు ఒకటి తర్వాత ఒకటి మూలపడ్డాయి. ఒకరోజు ఫ్లాపీ కూడా తెరుచుకోలేదు. ఆ కోట చివరి గదిని మేం చూడనే లేదు. ఇన్‌స్టిట్యూట్ తలుపులు మూసినప్పుడు నేను పరీక్షల్లో ఉన్నాను, వెళ్లలేకపోయాను. అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

చాలా ఏళ్లకు స్వరూపక్క ఫోన్ చేసి, మేడంకు షుగర్‌తో చూపు పోయిందనీ సిరిసిల్లలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారనీ చెప్పింది. ఆదివారం వేములవాడలో బస్సు మారి వెళ్లాను. పక్కింట్లో పవర్‌లూమ్‌లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. మేడం అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉన్నారు. నా గొంతు విని, "సదివే పిల్లవు" అన్నారు. బ్యాగులో ఉన్న ల్యాప్‌టాప్ తీశాను. మా పాత ఆట ఎంత వెతికినా దొరకలేదు గానీ అలాంటివే వేరేవి దొరికాయి. ఆడదామా అని అడగడానికి భయపడ్డాను. చూపులేని మనిషిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడమేమిటని. చివరికి, అడగొచ్చో లేదో అంటూనే అడిగాను.

"అడుగుతానికేం ఉన్నది? ఆడుదాం" అన్నారామె. "బొమ్మలుంటే నాకు కష్టం. ఇది మాటలే గదా. నీకెంత కనపడుతదో నాకూ గంతే."

అలా రెండేళ్లు, నెలకు రెండు ఆదివారాలు. మగ్గాల చప్పుడు మీదుగా నేను గట్టిగా చదివేదాన్ని. కాగితం అక్కర లేకుండా పటమంతా ఆమె తలలో ఉండేది. "తూర్పుకు పోకు, అటు మెట్లు విరిగినయి" అని నేను మరిచిపోయినవి గుర్తుచేసేవారు. ఒకనాడు ఆటలో తాళం వేసిన గది వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు చెప్పారు.

"మా సారు పోయినంక ఆ ఆట నేను ఒక్కదాన్నే ఆడిన. మూడు దినాలు ఆడిన. మొదటి అర్రలకెల్లి బయట పడలె. జాడీల చెయ్యి పెట్టాలని నాకు తట్టలె. గందుకే మిమ్ముల పిలిచిన."

నేర్పడానికి పిలిచారనే నేను అంతకాలం అనుకున్నాను.

మేం చివరిసారి ఆడిన ఆటలో ఒక నది ఒడ్డున ఆగాం. మెట్ల దగ్గర పడవ కట్టేసి ఉంది, దాని ముడి ఎలా అడిగినా ఊడటం లేదు. "ధర్మపురి గట్టు తీరుగ ఉన్నదా?" అని అడిగారు. మెట్లు ఎన్నో, నీళ్లు ఎంత దూరమో అడిగారు. "ఈయాల్టికి గీడనే ఆగుదాం. ఆలోచన చేస్త" అన్నారు. నేను ఆటను అక్కడే భద్రం చేసి పెట్టాను. ఆ బుధవారం ఆమె చెల్లెలు ఫోన్ చేసింది.

గ్రంథాలయంలో నా బల్ల దగ్గరికి రోజూ ఎవరో ఒకరు కాగితం తెస్తారు. వీసాలు, బ్యాంకు షరతులు, ఆస్పత్రి రాతలు. చదివి పెడతాను. తెలియని మాట వస్తే, ఇది నాకు రాదు, ఆగండి, చూద్దాం అంటాను. ఆ మాట అనడానికి ఇప్పుడు నా గొంతు తగ్గదు.

ఈ ఏడాది నుంచి ఆదివారం మధ్యాహ్నాలు ఆట కూడా మొదలుపెట్టాను. ఇప్పుడు జగిత్యాలలోనే ఉంటున్న స్వరూపక్క పటం గీయడానికి వస్తుంది. రిటైరైన కండక్టర్ ఒకాయన, నర్సు ఉద్యోగం చేసే ఒకామె కూడా వస్తారు. కొన్నాళ్లు కొత్త ఆటలు ఆడించాను. మొన్న మాత్రం నది ఒడ్డున ఆగిన ఆటను తెరిచాను. వాళ్లు తెర వైపు చూసి, ఇంతదూరం ఎలా వచ్చామని ఆశ్చర్యపోయారు.

"గీడిదాంక ఎవలు ఆడిండ్రు?" అని అడిగాడు కండక్టర్.

స్వరూపక్క నా వైపు చూసింది. నేను మేడం పేరు చెప్పాను. ఆమె ఎవరో చెప్పేసరికి సాయంత్రమైంది. పడవ ముడి ఆ రోజు విప్పనే లేదు.