చుక్కల గీత అవతల మామ్మ బెంచీ

కంప్యూటర్‌లో గీసిన ఇళ్ల బొమ్మల్లో వాన పడదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదిలో సగానికి పైగా వానే. ఆ బొమ్మల్లో మాత్రం ఎప్పుడూ నీలాకాశం, రెండు తెల్ల మబ్బులు, తడవని రోడ్డు మీద ఒక తెల్ల కారు. ఆ ఆకాశాన్ని అతికించేది నేనే. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, అబర్డీన్ బజార్‌లో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో డ్రాయింగులు గీస్తాను. కాబట్టి ఇలాంటి కట్టడాల మీద నాకున్న కోపంలో మొదటి వాటా నా మీదే.

నా డైరీలో చెడ్డ డిజైన్ల పట్టీ ఒకటి ఉంది. అందులో ఉన్నవన్నీ నేను చూసినవి, కొన్ని నేనే గీసినవి. ఒకటి: చూరు లేని డబ్బా ఇల్లు. మొదటి వానాకాలానికే గోడంతా పచ్చటి పాచి పట్టింది. రెండు: హాలు నిండా ఫాల్స్ సీలింగు, దాని పైన ఎలుకల కాపురం. మూడు: టీవీ వెనక అలంకారానికి కొట్టిన ప్లైవుడ్ పలకలు, తేమకి ఉబ్బి అప్పడాల్లా లేచినవి. నాలుగు: ఓడల వెయిటింగ్ హాల్లో సీటుకీ సీటుకీ మధ్య ఇనుప చేతులు. ఉత్తర కొసనున్న డిగ్లీపూర్ వెళ్లే ముసలివాళ్లు గంటల తరబడి అక్కడే ఉంటారు, నడుం వాల్చడానికి మాత్రం వీల్లేదు. ఎవరూ పడుకోకూడదనే ఆ చేతులు పెట్టారు. పడుకోకుండా చెయ్యడం కూడా ఒక డిజైనే అని నాకు అప్పుడు తెలిసింది.

ఐదోది మా చర్చి. అది ఒక్క లైనులో పట్టలేదు.

మేం ఉండేది బతు బస్తీలో. చర్చి మా ఇంటికి ఐదు నిమిషాల నడక. పాత కట్టడానికి పడాక్ అనే ఎర్రటి అడవి చెక్క స్తంభాలు, రేకుల కప్పు, రెండు పక్కలా ఆరడుగుల వసారా. పక్కకు నాలుగు చొప్పున ఎనిమిది కిటికీలు. వాటికి గాజు లేదు, ఏటవాలు చెక్క పలకల తలుపులు. మూసినా గాలి వచ్చేది, జల్లు వచ్చేది కాదు. ఆ ఏటవాలు ఎంతో నేను కొలిచి చూశాను. ఏ కాలేజీలోనూ చదవని వడ్రంగి ఎవరో చేసిన పని అది. అంతకన్నా మంచి కోణం నేనైతే చెప్పలేను.

లోపల చాపల మీద మగవాళ్లు కుడి పక్కన, ఆడవాళ్లు ఎడమ పక్కన కూర్చునేవాళ్లు. వసారాలో ఇంకో సంఘం ఉండేది. వాళ్లని అందరూ 'వసారా వాళ్లు' అనేవాళ్లు, వాళ్లూ అలాగే చెప్పుకునేవాళ్లు. ఏడ్చే పిల్లల తల్లులు, జెట్టీ డ్యూటీ దిగి బూట్లతోనే వచ్చినవాళ్లు, ఖాళీ చేపల బుట్టలు పక్కన పెట్టుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు, మోకాళ్లు వంగని ముసలివాళ్లు, లోపలికి రావడానికి ఇంకా మనసు కుదరని పక్కింటివాళ్లు. కానుకల వేళ, పొడుగు కర్రకి కట్టిన మఖమలు సంచిని లోపలివాళ్లు తెరిచిన కిటికీలోంచి బయటికి చాపేవారు. ప్రభుభోజనం పళ్లెం కూడా అలాగే వచ్చేది. కిటికీ అంటే గాలి కోసం, వెలుతురు కోసం అని నాకు పుస్తకంలో చెప్పారు. సంచి కోసం అని ఏ పుస్తకంలోనూ లేదు.

ఎడమ పక్క నాలుగో కిటికీ కింద మా మామ్మ బెంచీ. మామ్మ అంటే మా నాన్న తల్లి. ఆవిడకి ఆయాసం. జనం మధ్య కూర్చుంటే ఊపిరి ఆడదు, చల్లగాలి నేరుగా తగిలితే ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఆ బెంచీ మీద, చూరు కింద, కిటికీలోంచి వినబడే ప్రసంగంతో ఆవిడ ఆదివారం గడిచేది. వారంలో ఆవిడ ఇల్లు దాటేది ఆ ఒక్కసారే.

చర్చి కొత్తగా కట్టాలని పెద్దలు నిర్ణయించారు. వాళ్లలో ముఖ్యుడు, బజార్‌లో రెండు షాపులున్న పెద్దాయన, నన్ను పిలిచి ఉన్న కట్టడాన్ని కొలిచి ప్లాన్ గీసి పంపమన్నారు. డిజైన్ చేసేది విశాఖలో ఉన్న ఒకాయన. ఆయన మా దీవులకు ఎప్పుడూ రాలేదు.

నేను రెండు రోజులు కొలిచాను. గోడ మందం అంగుళంతో సహా రాశాను. చూరు తలకి పైన ఉంటుంది కాబట్టి ప్లాన్‌లో దాన్ని చుక్కల గీతతో చూపాలి. అది నియమం, నేను నియమం తప్పలేదు. బెంచీలు కదిలే సామాను కాబట్టి గీయలేదు. అదీ నియమమే. గీసి, నా పేరు కింద సంతకం పెట్టి పంపాను.

నెల తిరక్కుండా బొమ్మ ఫోన్లలోకి వచ్చింది. ఆరాధన అయ్యాక అందరూ తలలు దగ్గర పెట్టి చూశారు. నిలువెత్తు గాజు గోడలు, వెండి రంగు పలకలు, లోపల వరసగా కుర్చీలు, పైన ఫాల్స్ సీలింగులో నీలం దీపాలు. చూరు లేదు. నీలాకాశం ఉంది. తెల్ల కారు కూడా ఉంది.

"ఎలా ఉంది భయ్యా? ఎయిర్‌పోర్ట్ లాగా లేదూ?" అన్నారు పెద్దాయన నాతో.

"వసారా ఏదండీ?"

"వసారా ఇంకెందుకు? అందరూ లోపలే, ఏసీలో. వసారా వాళ్లు, లోపలి వాళ్లు అనే మాటే ఉండదు ఇంక. సబ్ బరాబర్, అందరూ సమానమే."

చేపల అక్కచెల్లెళ్లలో పెద్దావిడ వెనక నుంచి అంది: "అయితే మా బుట్టలు కూడా ఏసీలోనేనా అండీ?"

అందరూ నవ్వారు, పెద్దాయన కూడా నవ్వారు. ఆ నవ్వులోనే వసారా పోయింది. అయ్యగారు, అంటే మా పాస్టరు, మైకు బాగుంటే తనకి చాలన్నారు.

ఆ రోజే విశాఖ డిజైనరుకి వీడియో కాల్ చేశాను. ఆయన మర్యాదస్తుడు. నేను పంపిన ప్లాన్ తెర మీద పెట్టి, పెన్నుతో చూపించారు.

"బ్రదర్, ఇక్కడ మీరు డాటెడ్ లైన్ ఇచ్చారు. సన్‌షేడ్ అనుకున్నాను. మనుషులు కూర్చుంటారని ఎక్కడా రాయలేదు కదా మీరు."

రాయలేదు. నలభై మంది కూర్చునే చోటుని నేను చుక్కలు పెట్టి పంపాను. ఆయన తుడిచేశారు. అది చూడగానే నాకు ఆయన మీద వచ్చిన కోపం సగంలో ఆగిపోయి, తిరిగి నా మీదికే వచ్చింది. మార్చమని అడిగాను. పెద్దలు ఒప్పుకున్న డిజైన్ తను మార్చకూడదన్నారు. పెద్దలని అడిగితే, డిజైనరు గీసింది తాము మార్చకూడదన్నారు.

పాత రేకులు విప్పిన రోజు మామ్మ చూడటానికి వచ్చింది. బెంచీని పెరట్లో పనికిరాని చెక్కల గుట్టలో పడేశారు. దాన్ని చూసి, "నాకెక్కడరా మరి?" అంది.

"చూస్తాలే మామ్మా."

"నువ్వేగా కొలిసింది."



కొత్త చర్చిలో మొదటి ఆదివారం వాన పడింది. చూరు లేదు కాబట్టి చెప్పులు, గొడుగులు అన్నీ గాజు తలుపు లోపలికి వచ్చాయి. నున్నటి టైల్స్ మీద నీళ్లు నిలిచాయి. ఇద్దరు జారి, పక్కవాళ్లని పట్టుకుని నిలబడ్డారు. మామ్మని ఐదో వరస కుర్చీలో కూర్చోబెట్టాను. రెండో పాట అయ్యేసరికి పిల్లికూతలు నాకు వినబడ్డాయి. మూడో పాటలో పక్కవాళ్లకీ వినబడ్డాయి. పీల్చే మందు ఇచ్చి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

బయట నిలబడటానికి చోటు లేదు. గోడకి ఆనుకున్నా వాన నేరుగా మీదే పడుతోంది. నేను గొడుగు పట్టాను. మామ్మ ఎప్పటి అలవాటు ప్రకారం నాలుగో కిటికీ ఉండే చోటికి నడిచి గాజు ముందు నిలబడింది.

"ఇదేటిరా, నేనే కనబడతన్నాను ఇందులో. లోపల ఏటీ కనబడట్లేదు."

ఎండ రాకుండా, బయటివాళ్లు చూడకుండా వేసిన మెరిసే గాజు అది. మాట కూడా దాటి రాదు.

"ఇంటికెళ్దామా మామ్మా?"

"ఆరాధన అవలేదు కదా."

చివరి ప్రార్థన దాకా అక్కడే నిలబడింది, అద్దంలో తన మొహం చూసుకుంటూ. తర్వాత ఇంట్లో మా అమ్మ చెప్పింది: లోపల కూర్చున్న అందరికీ మామ్మ స్పష్టంగా కనబడుతూనే ఉందట. గొడుగున్నా తడుస్తూ, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ. గాజు ఒక పక్క నుంచే చూడనిస్తుంది. ఆ గాజుని ఎంచుకున్నవాళ్లెవరూ అటు పక్క నిలబడాల్సినవాళ్లు కాదు. ఆ గుణాన్ని పుస్తకంలో ఒక సౌకర్యంగానే రాస్తారు.

తర్వాతి రెండు ఆదివారాలూ మామ్మ తయారై, బైబిలు ఒళ్లో పెట్టుకుని, ఇంటి గుమ్మంలోనే కూర్చుంది. వసారా వాళ్లలో సగం మంది రావడమే మానేశారు. "సబ్ బరాబర్" అంటే రానివాళ్లని లెక్కలోంచి తీసేస్తే చాలునని నాకు అర్థమైంది.

పెద్దాయన షాపుకి వెళ్లాను. తొమ్మిది కారణాలు కాగితం మీద రాసి తీసుకెళ్లాను. ఆయాసం గురించి చెప్పాను, ముందు వరసలో సీటిస్తామన్నారు. జారడం గురించి చెప్పాను, పట్టా పరుస్తామన్నారు. చేపల అక్కచెల్లెళ్ల గురించి చెప్పాను, స్నానం చేసి రమ్మనండి అన్నారు. నేను ఆరో కారణం దాకా వచ్చాను.

"కరెంటు పోతే?"

"జనరేటర్ ఉంది కదా."

"అది మొరాయిస్తే? ఒక్క కిటికీ కూడా తెరుచుకోదండీ. లోపల అంత మంది. ఏదైనా అయితే డ్రాయింగ్ మీద ఎవరి సంతకం ఉందో చూస్తారు. కట్టించింది ఎవరో కూడా చూస్తారు."

ఆయన కాసేపు కాలిక్యులేటర్ మీద వేలు ఆడించారు. "ఠీక్ హై. ఒక్క కిటికీ. ఎమర్జెన్సీకి. మామూలుగా ఎవరూ తెరవకూడదు, సమఝా?"

ముసలావిడ ఊపిరికి దొరకని కిటికీ, ఆయన భయానికి దొరికింది. కోపం వచ్చినా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నాకు కిటికీ కావాలి.

ఎడమ పక్క నాలుగో పలక గాజు తీయించి, బయటికి తెరుచుకునే కిటికీ పెట్టించాను. దాని పైన పాత చర్చి రేకులు రెండు, రెండు పైపుల మీద నిలబెట్టాను. ఎందుకని పెద్దాయన అడిగితే, కిటికీలోకి నీళ్లు రాకుండా అన్నాను. రేకులు గోడ నుంచి ఆరడుగులు ముందుకి వచ్చాయి. చెక్కల గుట్టలోంచి బెంచీ నేనే మోసుకొచ్చాను.

ఆదివారం మామ్మ వచ్చి కూర్చుంది. కిటికీ తెరిచి ఉంది. మొదటి ప్రార్థనలో, అందరూ కళ్లు మూసుకున్న వేళ, లోపలి నుంచి తెల్ల చొక్కా చెయ్యి ఒకటి వచ్చి కిటికీ లాగి మూసింది. మామ్మ చేతికర్రతో గాజు మీద కొట్టింది. ఎవరో తెరిచారు. పాట మధ్యలో మళ్లీ ఆ చెయ్యి. మామ్మ మళ్లీ కొట్టింది. మూడోసారి కిటికీ సగంలో ఉండగా మామ్మ దాని అంచు పట్టుకుంది.

"మామ్మగారూ, చల్లదనం అంతా బయటికి పోతోందండీ," అన్నారు పెద్దాయన లోపలి నుంచి, గొంతు తగ్గించి.

"నీ సల్లదనం నేనేం దొంగిలించను బాబూ. దేవుడి మాట కొంచెం వదులు ఇటు."

లోపల ఆడవాళ్ల వైపు ఎవరో దగ్గులాంటి నవ్వు నవ్వారు. అయినా కిటికీ మూసుకుంది. ఆ రోజు కానుక సంచి బయటికి రాలేదు.

శనివారం సాయంత్రం, చర్చి తుడిచేవాళ్లు వెళ్లాక, స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్లాను. లోపలి హ్యాండిల్‌కి నాలుగు స్క్రూలు. నాలుగూ విప్పాను. హ్యాండిల్ బయటి వైపు బిగించి, తెరిచిన కిటికీ గాలికి కొట్టుకోకుండా గోడకి ఒక కొక్కెం పెట్టాను. ఇక దాన్ని మూయాలంటే లోపలివాళ్లు నడుం దాకా బయటికి వంగాలి. నా వృత్తిలో ఎవరినీ అడక్కుండా, ఏ కాగితం మీదా గీయకుండా చేసిన పని అదొక్కటే.

మర్నాడు పొద్దున వాన గట్టిగా ఉంది. బెంచీ మీద మామ్మ, ఆవిడ పక్కన చేపల అక్కచెల్లెళ్లు, వాళ్ల కాళ్ల దగ్గర బుట్టలు. నేను వాళ్ల వెనకే నిలబడ్డాను. మొదటి ప్రార్థనలో తెల్ల చొక్కా చెయ్యి వచ్చింది. హ్యాండిల్ ఉండే చోట తడిమింది. పైకి తడిమింది, కిందికి తడిమింది. తర్వాత పెద్దాయన కళ్లు తెరిచి, నాలుగు స్క్రూ రంధ్రాలు చూసి, కిటికీలోంచి నన్ను చూశారు. నేను కళ్లు మూసుకోలేదు.

"కమిటీలో మాట్లాడతాను నీతో," అన్నారు.

"వస్తానండీ. కొత్త ప్లాన్ కూడా తెస్తాను."

ఆ ప్లాన్ నా సంచిలోనే ఉంది. చూరు నిండు గీతతో గీశాను, నియమానికి విరుద్ధంగా. దాని కింద బెంచీలు గీశాను, ప్రతి బెంచీకీ పొడవు, వెడల్పు రాశాను. నాలుగో కిటికీ కింద ఉన్నదానికి 'కదపకూడదు' అని రాశాను.

కానుకల పాట మొదలైంది. సంచి పట్టుకున్నవాడు కిటికీ దాకా వచ్చి, పెద్దాయన వైపు చూసి ఆగాడు. మామ్మ ఆ సంచి కర్ర కొస అందుకోవడానికి చెయ్యి చాపింది.

"ఇటు ఇయ్యి బాబూ, తడిసిపోతాది," అంది.