గుర్రం ఊపిరి

తురుస్‌బెక్‌కి చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. కొండల నడుమ అత్-బాషీ ఊరి సంతలో అతను కసాయి; అక్కడి మాంసం అంగళ్ళ వరస మొత్తానికీ ఈ సంగతి తెలుసు. మీసం రాకముందే సొంత మేనమామ పన్ను ఊడగొట్టినవాడు. పెళ్ళాం మీద చెయ్యెత్తితే, ఆ చెయ్యి రెండోసారి లేవకముందే ఆవిడ మూట కట్టుకుని పుట్టింటికి పోయింది, మళ్ళీ రాలేదు. ఊరి పెద్దలు అతన్ని రోషగాడు అనేవారు. కొట్టేవాడికి మా దగ్గర అలాంటి మంచి పేర్లు చాలా ఉన్నాయి. తన్నులు తినేవాడికే ఏ పేరూ లేదు.

అలాంటి మనిషికి గళ్ళ నుడికట్టు పిచ్చి ఎలా పట్టిందంటే, అదీ కొట్లాట వల్లనే. ఒకసారి పశువుల దళారి ఒకడు ఇనుప గడియ తీసుకుని దవడ మీద కొట్టాడు. నరీన్ పట్నం ఆసుపత్రిలో పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగలతో కట్టేశారు. గొట్టంతో పులుసు పీల్చుకుంటూ, అరవడానికి లేక, తిట్టడానికి లేక, పక్క మంచం ముసలాయన పత్రికలో గళ్ళు పూరించడం చూస్తూ కూర్చున్నాడు. ఒకరోజు ఆయన చేతిలోంచి పెన్సిలు లాక్కుని ఒక నిలువు పూరించాడు. అది సరైనదే. జీవితంలో మొదటిసారి ఎవణ్ణీ కొట్టకుండా గెలిచాడు. తీగలు విప్పాక దవడ కొంచెం వంకరగా అతుక్కుంది, అలవాటు మాత్రం తిన్నగా అతుక్కుంది.

అప్పట్నుంచీ జిల్లా పత్రిక వచ్చిన రోజు మాంసం వరసలో అదొక తంతు. టీ అమ్మే సైరకాన్ కళ్ళజోడు పెట్టుకుని ఆధారాలు పైకి చదువుతుంది. కసాయివాళ్ళు ఎముకలు నరుకుతూనే జవాబులు అరుస్తారు. తప్పు చెప్పినవాడి మొహాన నెత్తురు తుడిచిన గుడ్డతో ఛెళ్ళున ఒకటి పడుతుంది. తురుస్‌బెక్ మొహాన ఆ గుడ్డ ఎప్పుడో గాని పడేది కాదు.

అయితే ఆ వసంతంలో అతని ధ్యాస గళ్ళ మీద లేదు. కొత్తేడు నూరూజ్ పండగకి, మేక మొండెం కోసం గుర్రాల మీద పెనుగులాడే ఉలాక్ పోటీలో ఒస్మోన్‌ని చంపాలని అతను తీర్మానించుకున్నాడు.

రెండేళ్ళ కింద అదే పండగ, అదే మైదానం. తురుస్‌బెక్ తమ్ముడు ఎసెన్‌గుల్ తల లేని మేక మొండాన్ని తొడ కింద నొక్కిపట్టి, బూడిదరంగు గుర్రం మీద గోల్ వైపు దూసుకుపోతున్నాడు. ఒస్మోన్ తన గుర్రం రొమ్ముతో పక్కనుంచి గుద్దాడు. ఆ గుద్దుకి కళ్ళు తేలేసి బూడిద గుర్రం ముందుకాళ్ళ మీద కూలింది. దాని కింద ఎసెన్‌గుల్, మీద వెనకనుంచి వచ్చిన గుంపు. దుమ్ము తగ్గేసరికి అతని ఛాతీ చెప్పుకింద పడిన గుడ్డులా ఉంది. ఉలాక్‌లో పోయిన ప్రాణానికి ఎవర్నీ నిలదీయకూడదని పెద్దలు గడ్డాలు నిమురుకుంటూ తేల్చారు. ఆ గడ్డాలవాళ్ళెవరూ గుర్రమెక్కి చాలా ఏళ్ళయింది.

తురుస్‌బెక్ నిలదీశాడు. ఆ శీతాకాలం ఒస్మోన్ గడ్డివాము తగలబెట్టాడు. పాలకేంద్రం వెనక అతన్ని ఒంటరిగా పట్టుకుని, గొడ్డలి కామతో మెడ కింద ఎముక విరగ్గొట్టాడు. అయినా కడుపు చల్లారలేదు. ఈసారి తనూ జట్టులో చేరాడు. దానికోసమే బలిసిన ఎర్రగుర్రం ఒకటి కొన్నాడు. ఎముకల నుంచి మాంసం ఒలిచే సన్నకత్తిని బూటులోకి సరిపోయేలా అరగదీశాడు. గుర్రాల తొక్కిసలాటలో ఎవడు ఎందుకు పడ్డాడో ఎవడు చూడొచ్చాడు?

తమ్ముడి భార్య బుర్మకాన్‌కి అర్థమైంది. మాంసం కొనే నెపంతో వచ్చి బల్ల ముందు నిలబడింది.

"బావగారూ, ఆ గుర్రం దేనికి?"

"ఆడటానికి."

"నా మొగుడు కూడా ఆడటానికే వెళ్ళాడు. చాలు. ఒస్మోన్‌కి పెళ్ళాం ఉంది. నాలాంటిదాన్ని ఇంకొకత్తిని తయారుచెయ్యకండి."

"వాడు నా తమ్ముణ్ణి తొక్కించాడు."

"మీరు దగ్గరుండి చూశారా?"

"ఊరంతా చూసింది."

"ఊరు చాలా చూస్తుంది లెండి," అని మాంసం తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

పండగ ముందురోజు పత్రిక వచ్చింది. నుడికట్టు మొత్తం గుర్రం మీదే. ముందుగా పూరించి పంపినవాళ్ళకి జీనుగుడ్డ బహుమానం. వరసంతా ఎగబడింది. సైరకాన్ టీ బండి మీద పత్రిక పరిచి, ఎగిరిపోకుండా చక్కెర డబ్బా పెట్టింది.

"వినండర్రా. అడ్డం ఒకటి. గుర్రం వయసు దీన్ని చూసి చెబుతారు."

"పళ్ళు," అన్నారు అందరూ.

"మీకు లేనివి. సరే. అడ్డం అయిదు. తిన్నది ఎంత చెడ్డదైనా గుర్రం ఈ పని చెయ్యలేదు."

"మూల్గడం," అన్నాడు పక్కబల్ల దూలత్.

"కక్కడం," అన్నాడు తురుస్‌బెక్, గొర్రె వీపు నిలువునా చీలుస్తూ. "గుర్రం కక్కలేదు. కడుపునొప్పి వస్తే అందుకే చస్తుంది."

సైరకాన్ గళ్ళు లెక్కేసి తలూపింది. నెత్తురు గుడ్డ దూలత్ చెంపన పడింది. వరస ఘొల్లుమంది.

"నిలువు మూడు. మనిషికుంది, గుర్రానికి లేదు, భుజం దగ్గరి ఎముక."

"మెడ కింద అడ్డంగా ఉండేది," అన్నాడు దూలత్, చెంప తుడుచుకుంటూ. "ఆ ఎముక సంగతి మన తురుస్‌బెక్ అన్నకి బాగా తెలుసక్కా. ఒస్మోన్‌కి విరగ్గొట్టింది అదే."

ఈసారి నవ్వు తక్కువొచ్చింది. తురుస్‌బెక్ మాత్రం నవ్వాడు. చేతిలో కత్తి ఆగలేదు.

"నిలువు పదకొండు," అంది సైరకాన్. "గుర్రం నోటితో ఊపిరి తియ్యలేదు. పరుగులోనైనా, ప్రాణం మీదికొచ్చినా, గాలి దీంట్లోంచే వెళ్ళాలి."

"ముక్కుపుటం," అన్నాడు దూలత్ వెంటనే. "నాక్కూడా ఒకటి తెలిసింది చూడండి."

"తప్పు," అన్నాడు తురుస్‌బెక్.

"గళ్ళకి సరిపోయిందిగా?"

"ఆధారమే తప్పు. నోరు తెరిచి ఉంటే గాలి ఎందుకు ఆడదు? కుక్కకి ఆడుతుంది. ఎద్దుకి ఆడుతుంది. నాకు ఆడుతుంది."

"నువ్వు కుక్కవో ఎద్దువో తర్వాత తేల్చుకుందాం. గుర్రానికి ఆడదంట," అంది సైరకాన్. "పశువుల డాక్టరు రాసిన నుడికట్టు ఇది. కింద పేరు కూడా ఉంది."

తురుస్‌బెక్ కత్తి బల్లలోకి దిగ్గొట్టాడు. మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. వరస వెనక వధశాలకి నడిచాడు. అక్కడ పండగ కోతకి తెచ్చిన ముసలి ఆడగుర్రం గుంజకి కట్టేసి ఉంది. కళ్ళెం ఇనుము నోట్లో ఉంది, పళ్ళ మధ్య సందు బాగా ఉంది. తురుస్‌బెక్ రెండు చేతులతో దాని ముక్కుపుటాలు మూసి గట్టిగా నొక్కాడు.

నోరు తెరిచే ఉంది. ఇనుము మీద నాలుక కొట్టుకుంటోంది. నోట్లోంచి గాలి మాత్రం రావడం లేదు, పోవడం లేదు. పక్కలు లోపలికి గుంజుకుపోయాయి. కళ్ళలో తెలుపు పైకొచ్చింది. తురుస్‌బెక్ ఇంకా వదల్లేదు. అతనికి కావలసింది గుర్రం చావు కాదు, నోట్లోంచి ఒక్క ఊపిరి. ఒక్కటి చాలు. అది రాలేదు. గుర్రం ముందుకాళ్ళు మడిచి కూలబోయి, అంతలో మొత్తం ఒళ్ళు విసిరి అతన్ని గోడకేసి కొట్టింది. గిట్ట పక్కటెముకల మీద పడింది. లోపల ఏదో పటుక్కుమంది. అతను పేడలో పడి, గుర్రం ముక్కుతో ఈలలు వేస్తూ గాలి పీల్చడం చూశాడు.

సరిగ్గా అలాగే కూలింది తమ్ముడి బూడిద గుర్రం. కళ్ళు తేలేసి, ముందుకాళ్ళు మడిచి.

ఆ గుర్రానికి కరిచే రోగం ఉండేది. అంతకుముందు పోటీలో ఒకడి తొడ కండ చీల్చింది. మళ్ళీ కరిస్తే జట్టుని పోటీలోంచి తోసేస్తామన్నారు పెద్దలు. అందుకని పండగ పొద్దున్న తురుస్‌బెక్ అప్పుడే ఒలిచిన ఎద్దు తోలులోంచి పచ్చి పట్టీ కోశాడు. కసాయివాడి దగ్గర పచ్చితోలుకి కరువా. ఎండిన పట్టీలు కొనడానికి జీనుల అంగడికి ఎవడు పోతాడు? నోరు కరిచేంత తెరుచుకోకుండా ఆ తడితోలుని ముక్కు మెత్తదనం మీదుగా, పుటాలకి కాస్త పైన, బిగించి చుట్టాడు. "బిగువేమో అన్నా," అన్నాడు ఎసెన్‌గుల్. "నోరుందిగా పీల్చుకోవడానికి, ఎక్కు," అన్నాడు తురుస్‌బెక్. ఆ రోజు ఎండ కాసింది. పచ్చితోలు ఎండితే ఎంత బిగుస్తుందో లోకంలో ఎవడికి తెలియకపోయినా కసాయివాడికి తెలుసు. తెలిసీ కట్టాడు. గుద్దు తగలకముందే ఆ గుర్రం సగం చచ్చింది.

దూలత్ వచ్చి లేవదీయబోతే వాణ్ణి ఒక్క తోపు తోశాడు. బూటులోంచి సన్నకత్తి తీసి నేల మీద పారేశాడు.

మర్నాడు మైదానం నిండా మంచు కరిగిన బురద. గుర్రాలు ఆవిర్లు కక్కుతున్నాయి. మేక మొండెం మధ్యలో పడి ఉంది. గోల్ దిబ్బ దగ్గర ఒస్మోన్ గుర్రం మీద ఉన్నాడు. విరిగి అతికిన ఎముక వల్ల ఒక భుజం కిందికి వాలి ఉంటుంది. తురుస్‌బెక్ రావడం చూసి ఒస్మోన్ జట్టు దగ్గరికి జరిగి అతని చుట్టూ నిలబడింది. ఆడవాళ్ళ వైపు బుర్మకాన్ లేచి నిలుచుంది.

తురుస్‌బెక్ గుర్రం ఎక్కలేదు. ఎర్రగుర్రాన్ని కళ్ళెం పట్టి నడిపించుకొస్తున్నాడు. రెండో చేతి మీద కొత్త కోటు మడతపెట్టి ఉంది. పెద్దల్లో గుసగుస లేచింది. గుర్రమూ కోటూ తెచ్చాడంటే తప్పు ఒప్పుకోవడానికి వచ్చాడని మా దగ్గర పసిపిల్లలకైనా తెలుసు. అవతలివాడు కోటు తొడుక్కుంటే పగ తీరినట్టు. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడే కోటు తేవడం మాత్రం ఎవరూ చూడలేదు.

"ఒస్మోన్, దిగు," అన్నాడు. ఊపిరి తీస్తే పక్కటెముక పొడుస్తోంది.

"ఎక్కడ పొడవాలో వెతుక్కుంటున్నావా?" అన్నాడు ఒస్మోన్ దిగుతూ.

"ఎసెన్‌గుల్‌ని నువ్వు చంపలేదు. నేను గుర్రం ముక్కు కట్టేశాను. పచ్చితోలుతో. దానికి ఊపిరాడక పడింది. నీ గుద్దుకి కాదు."

ఒస్మోన్‌కి మాట తలకెక్కింది. తర్వాత కొరడా లేచింది. అల్లిన తోలు తురుస్‌బెక్ చెంప చీల్చింది. అతను అడ్డానికైనా చెయ్యెత్తలేదు. రెండోది మెడ మీద. మూడోసారి ఒస్మోన్ కొరడా తిరగేసి, కొయ్యపిడితో ముక్కు మీద కొట్టాడు. ఎముక నలిగిన చప్పుడు గుర్రాల రొదలో కూడా వినబడింది. పెద్దలెవరూ అడ్డం రాలేదు. వాళ్ళకి అలవాటే కదా.

"రెండేళ్ళురా," అన్నాడు ఒస్మోన్. "రెండేళ్ళు నేనే తొక్కించాననుకున్నాను. నా కొడుకుని ఎత్తుకుంటే చేతుల్లో నీ తమ్ముడి బరువు తూగేది. నువ్వు నా ఎముక విరగ్గొడుతున్నప్పుడు చెయ్యి అడ్డం పెట్టలేదు, ఎందుకో తెలుసా? న్యాయమేలే అనుకున్నాను."

కోటు లాక్కుని బురదలోకి విసిరి, తొక్కాడు. కొరడా మళ్ళీ ఎత్తాడు గాని అది దిగలేదు.

బుర్మకాన్ మైదానంలోకి వచ్చింది. గుర్రాల మధ్యకి ఆడవాళ్ళు రాకూడదు, అయినా రౌతులు గుర్రాల్ని పక్కకి లాగి దారిచ్చారు. బురదలోంచి కోటు తీసింది. దులపలేదు. బురదతోనే ఒస్మోన్ వాలిన భుజం మీద కప్పింది. అతను తోసెయ్యలేదు. తలవంచుకుని ఏడ్చాడు.

"అన్నా, మా ఇంటికి టీకి రా. మీ ఆవిణ్ణీ తీసుకురా," అంది అతనితో.

తర్వాత తురుస్‌బెక్ వైపు తిరిగింది. పిడి దెబ్బకి కూలి అతను మోకాళ్ళ మీదే ఉన్నాడు. ఎర్రగుర్రం కళ్ళెం ఇంకా గుప్పిట్లోనే ఉంది.

"బిగువేమో అన్నాడు కదా మీతో," అంది. "మైదానానికి బయల్దేరేముందు ఇంట్లో నాతోనూ అన్నాడు. మా అన్నకి తెలుసులే, అని వెళ్ళాడు."

కళ్ళెం అతని వేళ్ళలోంచి విడిపించి ఒస్మోన్‌కి ఇచ్చింది. "మా ఇంటికి మీరు రాకండి బావగారూ," అని వెనక్కి చూడకుండా నడిచింది.

పోటీ మొదలైంది. మొదలవక చస్తుందా, పండగ కదా. రౌతులు అతన్ని తప్పించుకుంటూ మేక మొండెం మీదికి ఉరికారు. తురుస్‌బెక్ బురదలో కూర్చునే ఉన్నాడు. ముక్కు నిండా నెత్తురు గడ్డకట్టింది, రెండు పుటాలూ మూసుకుపోయాయి. నోరు తెరిచాడు. వంకర దవడ సందులోంచి గాలి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. మనిషికి ఆ వీలుంది.