మునిగి రమ్మన్న పాస్టరు

దోహా తెలుగు క్రైస్తవ సంఘంలో నేను సంఘ పెద్దగా ఉన్నప్పుడు నాతో వాదానికి దిగిన పాస్టరు ఒకాయన ఉండేవాడు. ఎవరినైనా కాదనే ముందు ‘తమ్ముడూ’ అని ప్రేమగా పిలిచేవాడు. ఆ పిలుపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పసితనంలో నీళ్ళు చిలకరించి ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని, పెద్దయ్యాక నీళ్ళలో మునిగి తీసుకోవాలని ఆయన వాదం.

ఒక శుక్రవారం ఆరాధనలో, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల దగ్గర, రెండు నెలల తర్వాత ఒక్కరోజు సెలవు దొరికిన కడప డ్రైవరు ఒకడు రొట్టె కోసం చేయి చాపాడు. పాస్టరు పళ్ళెం వెనక్కి లాగాడు.

“మునిగావా, తమ్ముడూ?”

“మాయమ్మ ఒళ్ళో ఉన్నెప్పుడే ఇచ్చినారు గదా, అయ్యగారూ.”

“అది తల తడుపుకోవడం. మునిగి రా, పెడతాను.”

ఎవరో నవ్వారు. డ్రైవరు లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

పాస్టరును ఖండిస్తూ డైరీలో నాలుగు పేజీలు రాశాను. కానీ ఆ రోజు డ్రైవరు వెళ్ళగానే ఆ పళ్ళెం నా ముందుకే వచ్చింది. నేను తీసుకుని తిన్నాను.