కలుగులో వడ్లు

టీవీలో వడ్ల కుప్ప కనపడగానే రైతు కుర్చీలోంచి లేచాడు.

"ఆపండమ్మా. అది నా పొలమేగా?"

డైరెక్టరమ్మాయి ఆపింది. కుప్ప తెర మీద వణుకుతూ నిలబడిపోయింది. స్కూలు వరండా నిండా జనం ఉన్నారు. ముందు వరసలో నేల మీద కూర్చున్న ఎలుకలు పట్టే ఆయన వైపు రైతు తిరిగాడు.

"ఏరా, నాలుగు కంకులే దొరికాయన్నావు. ఇదేంట్రా, గోతాం నిండేట్టుందే?"

"అన్ని లేవయ్యా."

"టీవీ అబద్ధమాడిద్దంట్రా?" అని వెనక ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

అప్పట్లో నేను గుంటూరులో ఒక దినపత్రికలో పనిచేసేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. యానాదుల కుటుంబ జీవితం మీద డాక్యుమెంటరీ తీయడానికి ఆ అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. ప్రత్తిపాడు వైపు ఊళ్ళు తెలిసిన మనిషి కావాలంటే సెలవు పెట్టి వెంట వెళ్ళాను.

ఆ ఊళ్ళో పత్తి, మిరప ఎక్కువ. కాలువ కింద కాస్త మాగాణి ఉంది. వరి కోతలయ్యాక ఒక యానాది జంట ఆ పొలాల్లో ఎలుకలు పట్టేది. ఆయన కుండలో గడ్డి రాజేసి, మూతి కలుగుకు ఆనించి, అడుగున ఉన్న చిల్లిలోంచి ఊదేవాడు. పొగకు ఎలుకలు బయటికొచ్చేవి. తర్వాత భార్య కలుగు తవ్వి, ఎలుకలు దాచుకున్న కంకులు తీసేది. ఎలుకల బెడద పోవడం రైతు లాభం. ఎలుకలూ కంకులూ వీళ్ళవి. పనుల్లేని నెలల్లో ఆ ఇంట్లో వండుకునేది ఆ వడ్లే. ఎన్ని దొరుకుతాయో ఏ రైతూ చూడలేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

మాకు వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, ఒక కలుగులో దొరికేది రెండు మూడు గుప్పిళ్ళు. కెమెరాలో అది కనపడనే లేదు. మంత్రుల ఫొటోలకు జనాన్ని దగ్గరికి జరిపిన అనుభవం నాకుంది. పది రోజులుగా వేరే పొలాల్లో దొరికి, ఇంట్లో నూర్చి ఉంచిన వడ్లు కూడా తెచ్చి ఆ రైతు పొలంలోనే కలుగు పక్కన పోయించమని డైరెక్టరమ్మాయికి సలహా ఇచ్చాను.

"అయ్యి ఈ పొలంలోవి కాదుగా సార్?" అంది భార్య.

"బొమ్మ కోసమేనమ్మా."

"మళ్ళీ ఎత్తుకోవద్దా? మీరు ఎత్తుతారా?"

ఎత్తాను. "పేపరాయన చేట పట్టడం కూడా తియ్యండమ్మా, చూసేవాళ్ళు నవ్వుకుంటారు" అన్నాడు ఆయన. అది తీయలేదు. తీసి ఉంటే పనికొచ్చేది.

సినిమా ఎవరి మీద తీశామో ముందు వాళ్ళకే చూపించాలన్నది ఆ అమ్మాయి నియమం. అందుకే స్కూల్లో టీవీ పెట్టించి ఊరందర్నీ పిలిచింది.

మర్నాడు పొద్దున్నే రైతు ఆ జంట గుడిసె దగ్గరికి వెళ్ళి, దొరికిన దాంట్లో సగం ఇస్తేనే పొలంలో కాలుపెట్టమన్నాడు. ఆ సంగతి తెలిసి నేను రైతు ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇప్పించాడు. కుప్ప మేం పోయించిందేనని చెప్పాను.

"నేను కళ్ళారా చూశానుగదండీ."

"మీరు చూసింది మేం చేయించిందండీ."

"పేపరోళ్ళు పేదోళ్ళ పక్షానే మాట్లాడతారు. అందులో తప్పేం లేదు లెండి. కాఫీలో పంచదార సరిపోయిందా?"

వారం తిరక్కుండా పక్క పొలాల రైతులు కూడా సగం అడిగారు.

"ఆ ముక్క తీసెయ్యండి సార్" అంది ఎలుకలు పట్టే ఆయన భార్య.

నేను హైదరాబాదుకు ఫోన్ చేశాను. సినిమాలో అందరూ మెచ్చుకుంటున్నది ఆ ముక్కేనని డైరెక్టరమ్మాయి చెప్పింది. తీసేయలేదు గాని, కుప్ప కోసం వేరే పొలాల వడ్లు కూడా పోయించామని అడుగున ఇంగ్లీషులో ఒక లైను వేసింది. ఆ లైనున్న క్యాసెట్టు నేను ఊరికి తీసుకెళ్ళి ఇచ్చాను. రైతు రెండోసారి చూశాడు. కుప్ప మొదటిసారి కంటే పెద్దగా కనిపించిందన్నాడు.

తర్వాత రెండు కోతలకూ ఆ జంట పొరుగూరి పొలాలకు నడిచి వెళ్ళింది. అక్కడ వీళ్ళకంటే ముందునుంచి ఎలుకలు పట్టేవాళ్ళున్నారు, మిగిలిన కలుగులే వీళ్ళకు. సగం మాట రైతు వెనక్కి తీసుకోలేదు, ఈ జంట ఒప్పుకోలేదు. నేను చివరిసారి వెళ్ళినప్పుడు ఆ రైతు మాగాణి గట్ల నిండా కలుగులున్నాయి. ఎవరూ తవ్వడం లేదు.